లైనక్స్ టెర్మినల్‌లో తెలుగు: అడ్తి దుకాణం కంప్యూటర్‌లో చేసిన మరమ్మతుల డైరీ

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర మా మేనమామకు అడ్తి దుకాణం (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టేది) ఉంది. రోజువారీ లెక్క టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ఒక చిన్న బ్యాష్ స్క్రిప్టు (ఆదేశాలు వరుసగా రాసిన ఫైలు) మీద నడుస్తుంది. లెక్కలుండే డబ్బా కంప్యూటర్ వెనక గదిలో ఉంటుంది, కౌంటర్ మీద డెబియన్ (ఒక రకం లైనక్స్) డెస్క్‌టాప్ ఉంటుంది. గుమాస్తా కౌంటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్‌ను వాడనిచ్చే ఆదేశం) ఆ వెనక గది కంప్యూటర్‌లోకి వెళ్లి పట్టిక తెరుస్తాడు: ఊరి పేరు తెలుగులో, బస్తాలు, క్వింటాళ్లు అంకెల్లో. తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) రాసే ముందు సరిచూసుకునేది ఈ పట్టికతోనే. అందులో ఊరి పేర్లే చదవరాకుండా ఉండేవి. "ఊరు తప్పు వడితె రైతుకు ఏం జవాబు చెప్తం రా?" అన్నాడు మామ. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

ఎవరినడిగినా "ఫాంట్ వేస్తే సరిపోతుంది" అంటారు. ఫాంట్ వేశాక కూడా బాగుపడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. టెర్మినల్‌లో తెలుగు చెడిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. లొకేల్ (ఏ భాష, ఏ అక్షరాల పద్ధతి అని చెప్పే సెట్టింగు), ఫాంట్, అక్షరాల కూర్పు, గడుల లెక్క, వరుస ఎత్తు, వీటిని ఒక్కొక్కటిగా పరీక్షించాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు.

ఆదేశాల పేర్లు ఇక్కడ పలికేట్టు రాశాను. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మొదటి దశ: కొలతలు

కంటితో చూసి "ఫరవాలేదు" అనుకుంటే ఈ పని తేలదు. అందుకే సరుకు వచ్చే ఊళ్లలోంచి 12 పేర్లు పరీక్షకు తీసుకున్నాను: పరకాల, హనుమకొండ, వరంగల్, ములుగు, నర్సంపేట, జమ్మికుంట, భూపాలపల్లి, ధర్మసాగర్, పర్వతగిరి, హుస్నాబాద్, వర్ధన్నపేట, ఘన్‌పూర్. వీటిలో ఏడింటికి ఒత్తులున్నాయి. ఒత్తు లేనివి ఐదు.

ఏ మార్పు చేసినా ఈ జాబితానే మళ్లీ చూశాను. లెక్కలు రెండు పెట్టుకున్నాను: అక్షరం సరిగ్గా వచ్చిన పేర్లెన్ని, పక్కనున్న అంకెల వరుస తిన్నగా నిలిచిన పేర్లెన్ని.

కొలవడానికి కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయాల్సిన అవసరం లేదు. అన్ని లైనక్స్‌లలోనూ ఉండే డబ్ల్యూసీ ఆదేశం చాలు. దానికి చిన్న సీ ఇస్తే బైట్లు, చిన్న ఎమ్ ఇస్తే కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో విడి సంఖ్య ఉన్న అక్షరాలు, గుర్తులు), పెద్ద ఎల్ ఇస్తే టెర్మినల్ గడుల్లో వెడల్పు చెబుతుంది.

పరకాల: 15 బైట్లు, 5 కోడ్ పాయింట్లు, 4 గడులు
ధర్మసాగర్: 27 బైట్లు, 9 కోడ్ పాయింట్లు, 6 గడులు
జమ్మికుంట: 27 బైట్లు, 9 కోడ్ పాయింట్లు, 7 గడులు
భూపాలపల్లి: 30 బైట్లు, 10 కోడ్ పాయింట్లు, 7 గడులు

ధర్మసాగర్, జమ్మికుంట రెండూ 27 బైట్లే అయినా గడుల్లో తేడా ఎందుకొచ్చింది? టెర్మినల్ తెర గళ్ల నోటుబుక్కు లాంటిది, ప్రతి అక్షరానికీ ఇన్ని గడులు అని ముందే లెక్క ఉంటుంది. లైనక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీలోని డబ్ల్యూసీవిడ్త్ అనే ఫంక్షన్ ఆ లెక్క చెబుతుంది, అది యూనికోడ్ వర్గాలను బట్టి నడుస్తుంది. తెలుగులో దీర్ఘం, గుడి, ఎత్వం, ఒత్వం, పొల్లు వెడల్పు లేని గుర్తుల వర్గంలో ఉన్నాయి కాబట్టి వాటికి సున్నా గడులు. కొమ్ములు (ు, ూ), సున్న (ం), విసర్గ మాత్రం చోటు తీసుకునే గుర్తుల వర్గంలో ఉన్నాయి. ఒక్కోదానికి ఒక గడి పడుతుంది. జమ్మికుంటలో ఒక కొమ్ము, ఒక సున్న ఉన్నాయి. ధర్మసాగర్‌లో రెండూ లేవు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ముందు ముందు వచ్చే చిక్కుల్లో సగం అర్థమవుతాయి.

మొదట్లో లెక్క: అక్షరం 12లో 0, వరుస 12లో 0.

రెండో దశ: లొకేల్

ఎస్‌ఎస్‌హెచ్‌లోకి వెళ్లి ఎల్‌ఎస్ కొడితే తెలుగు ఫైలు పేర్ల బదులు 340, 260, 244 లాంటి అంకెలు వచ్చాయి. ఫైలు చదివే లెస్‌లో తెరిస్తే కోణపు బ్రాకెట్లలో ఈ0, బీ0 అని కనిపించింది. ఈ రెండింట్లో ఏది కనిపించినా ఫాంట్ జోలికి పోవద్దు. తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఈ0 బీ0 లేదా ఈ0 బీ1 బైట్లతోనే మొదలవుతాయి, 340 260 అంటే అవే బైట్లు అష్టాంశంలో (ఎనిమిది ఆధారంగా రాసే అంకెల్లో). బైట్లు సరిగ్గానే వస్తున్నాయి, వాటిని అక్షరాలుగా చదవమని ఆ యంత్రానికి ఎవరూ చెప్పలేదన్నమాట.

కారణం వెతికితే ఇలా తేలింది: కౌంటర్ కంప్యూటర్ తన లొకేల్ పేరును ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పంపుతోంది. వెనక గది కంప్యూటర్‌లో ఆ లొకేల్ తయారు చేసి లేదు. లేకపోతే అది తెలుగు తెలియని సీ లొకేల్‌కు పడిపోతుంది.

1. వెనక గది కంప్యూటర్‌లో లొకేల్ ఆదేశం కొట్టి హెచ్చరికలు వస్తున్నాయేమో చూశాను. వచ్చాయి.
2. ఈటీసీ కింద లొకేల్.జెన్ ఫైల్లో ఈఎన్_ఐఎన్, టీఈ_ఐఎన్ వరుసల ముందున్న హాష్ (#) తీశాను. ఈ రెండింటి పేరు చివర యూటీఎఫ్-8 అని ఉండదు, అయినా అవి యూటీఎఫ్-8వే. పేరులో కనబడలేదని వదిలేయొద్దు.
3. లొకేల్-జెన్ నడిపి, బయటికొచ్చి మళ్లీ లాగిన్ అయ్యాను.

అంకెలు పోయి డబ్బాలు వచ్చాయి, ఒక్కో డబ్బాలో 0సీ24 లాంటి సంఖ్య. ఇది ముందడుగే. కోడ్ పాయింట్ సరిగ్గా తెలిసింది, గీయడానికి బొమ్మ లేదు.

లెక్క: అక్షరం 12లో 0, వరుస 12లో 0.

మూడో దశ: ఫాంట్

డిస్కులో చోటు మిగలాలని ఇంతకు ముందెవరో కౌంటర్ కంప్యూటర్‌లో భారతీయ ఫాంట్ల ప్యాకేజీలన్నీ తీసేశారు. ఎఫ్‌సీ-లిస్ట్‌కు తెలుగు భాష కోడ్ ఇచ్చి అడిగితే ఖాళీ జవాబు. డేజావూ శాన్స్ మోనోలో గానీ నోటో శాన్స్ మోనోలో గానీ తెలుగు అక్షరాలు లేవు. కాబట్టి ఇంగ్లిష్ ఒక ఫాంట్ నుంచి, తెలుగు ఇంకో ఫాంట్ నుంచి రావాల్సిందే.

లోహిత్ తెలుగు, పోతన 2000, నోటో శాన్స్ తెలుగు మూడూ వేసి చూశాను. పోతన అక్షరాల సొగసు నాకు చాలా ఇష్టం, బమ్మెర మనకు పక్కనే అన్న అభిమానం కూడా ఉంది. కానీ కౌంటర్ మీది పాత మానిటర్‌లో 12 పాయింట్ల సైజుకు దాని సన్నని గీతలు చెదిరిపోయాయి. లోహిత్ శుభ్రంగా ఉంది, అయితే దానికి బోల్డ్ లేదు. శీర్షిక వరుసకు మేం బోల్డ్ వాడతాం, అప్పుడు సిస్టమ్ కృత్రిమంగా మందం పెంచుతుంది, ఒత్తులు అలుక్కుపోతాయి. నోటోకు బోల్డ్ విడిగా ఉంది. దాన్నే ఉంచాను.

ఫాంట్ ఉంటే చాలదు, ఏది ముందు వెతకాలో ఫాంట్‌కాన్ఫిగ్‌కు (లైనక్స్‌లో ఫాంట్ ఎంచే వ్యవస్థకు) చెప్పాలి. ఇక్కడే ఎక్కువ ఆగిపోయాను.

మొదటి రూల్‌లో మోనోస్పేస్‌కు (అన్ని అక్షరాలూ ఒకే వెడల్పుండే ఫాంట్‌కు) నోటో శాన్స్ తెలుగును అన్నిటికన్నా ముందు పెట్టాను. టెర్మినల్ గడి వెడల్పును ముందున్న ఫాంట్‌ను బట్టి కొలుచుకుంటుంది. దాంతో ఇంగ్లిష్ అక్షరాలు ఎడంగా జరిగిపోయాయి, 80 గడుల పట్టిక తెరలో పట్టలేదు. మార్చిన రూల్ ఇది: మోనోస్పేస్ అడిగితే మొదట డేజావూ శాన్స్ మోనో, రెండోది నోటో శాన్స్ తెలుగు. మొదటిదాంట్లో తెలుగు లేదు కాబట్టి తెలుగు వచ్చినప్పుడు రెండోదానికి వెళుతుంది. గడి వెడల్పు డేజావూదే ఉంటుంది.

ఈ రూల్ పని చేయడానికి ఇంకో మూడు జాగ్రత్తలు కావాలి.

1. రూల్ ఫైలు పేరు అంకెతో మొదలై .కాన్ఫ్‌తో ముగియాలి. యూజర్ కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో ఉత్త "తెలుగు.కాన్ఫ్" అని పెడితే ఫాంట్‌కాన్ఫిగ్ దాన్ని చదవనే చదవదు, తప్పు అని కూడా చెప్పదు. ఎఫ్‌సీ-కాన్ఫ్‌లిస్ట్ కొడితే చదివిన ఫైళ్ల జాబితా వస్తుంది, మీ ఫైలు అందులో ఉందో లేదో చూసుకోండి.
2. టెర్మినల్ ప్రొఫైల్‌లో ఫాంట్ "మోనోస్పేస్" అనే ఉండాలి. వేరే ఫాంట్ పేరు విడిగా ఎంచుకుని ఉంటే రూల్ ఆ పేరుకు రాయాలి.
3. గ్నోమ్ టెర్మినల్ కిటికీలన్నిటికీ వెనక ఒకే సర్వర్ ప్రాసెస్ ఉంటుంది. ఒక కిటికీ మూసి తెరిస్తే పాత ఫాంటే కనిపిస్తుంది. అన్నీ మూయాలి.

ఎఫ్‌సీ-మ్యాచ్‌కు మోనోస్పేస్‌తో పాటు క్రమం చూపే ఎస్ ఆప్షన్ ఇచ్చి చూస్తే డేజావూ తర్వాత నోటో తెలుగు వచ్చింది. డబ్బాలు పోయాయి.

కానీ 12 పేర్లలో సరిగ్గా వచ్చింది పరకాల ఒక్కటే. జమ్మికుంటలో మ కింద ఒత్తు పడలేదు, రెండు మలు పక్కపక్కనే నిలబడ్డాయి. ములుగులో ప్రతి కొమ్ము ముందూ ఒక చుక్కల సున్నా.

లెక్క: అక్షరం 12లో 1, వరుస 12లో 0.

నాలుగో దశ: అక్షరాల కూర్పు

చుక్కల సున్నా చాలా పనికొచ్చే ఆనవాలు. గుర్తుకు ముందు అక్షరం దొరకనప్పుడు కూర్పు ఇంజన్ హార్ఫ్‌బజ్ ఆ సున్నాను తానే వేస్తుంది. అంటే మ ఒకసారి, కొమ్ము ఇంకోసారి విడివిడిగా ఇంజన్ దగ్గరికి వెళుతున్నాయి. ఆ పని చేస్తున్నది టెర్మినల్. పాత గ్నోమ్ టెర్మినల్ ఒక్కో గడినీ విడిగా గీస్తుంది, కొమ్ముకు సొంత గడి ఉంది కాబట్టి అది ఒంటరిదైపోయింది. పరకాలలో కొమ్ము, సున్న, ఒత్తు మూడూ లేవు, అందుకే అదొక్కటే గట్టెక్కింది.

అనుమానం పూర్తిగా తీరడానికి హార్ఫ్‌బజ్‌తో వచ్చే హెచ్‌బీ-వ్యూ వాడాను. ఫాంట్ ఫైలు, ఒక పదం ఇస్తే టెర్మినల్‌తో సంబంధం లేకుండా బొమ్మ తయారు చేస్తుంది. 12 పేర్లూ తప్పు లేకుండా వచ్చాయి. ఫాంట్ బాగుంది, టెర్మినల్ మార్చాలి. హెచ్‌బీ-వ్యూలో కూడా చెడితే ఫాంట్ మార్చాలి. ఈ ఒక్క పరీక్ష ముందే చేసుకుంటే బోలెడు సమయం మిగులుతుంది.

చేసిన మార్పులు ఈ క్రమంలో:

1. డెబియన్‌ను 10 నుంచి 11కు, అక్కడి నుంచి 12కు తెచ్చాను. ఒక వెర్షన్ దాటేసి దూకకూడదు, వరుసగానే వెళ్లాలి. కొత్త గ్నోమ్ టెర్మినల్ కొమ్మునూ సున్ననూ ముందున్న అక్షరంతో కలిపి గీస్తోంది, చుక్కల సున్నాలు పోయాయి. హనుమకొండ, వరంగల్, ములుగు, ఘన్‌పూర్ బాగుపడ్డాయి. ఒత్తులు మాత్రం పడలేదు, ఎందుకంటే ఒత్తుకు రెండు హల్లులూ కలిసి ఇంజన్ దగ్గరికి వెళ్లాలి, అవి రెండు వేర్వేరు గడుల్లో ఉన్నాయి. లెక్క: 12లో 5.
2. అలాక్రిటీ అనే ఇంకో టెర్మినల్ చూశాను. వేగం బాగుంది, కానీ అది హార్ఫ్‌బజ్ కూర్పే వాడదు. తీసేశాను.
3. ఎమ్‌ఎల్‌టర్మ్ అనే టెర్మినల్ చూశాను. భారతీయ లిపుల కోసం శ్రద్ధగా చేసిన పని. గడి వెడల్పు మారేలా పెడితే అక్షరాలు పుస్తకంలో ఉన్నంత అందంగా వచ్చాయి. కానీ అంకెల వరుస పూర్తిగా వంకరైంది. ఉత్త తెలుగు ఫైళ్లు చదివే వాళ్లకు నేను దీన్నే చెబుతాను, పట్టికకు మాత్రం వద్దు.
4. కేడీఈ డెస్క్‌టాప్ టెర్మినల్ కాన్సోల్ చూశాను. ఒకే రంగులో వరుసగా ఉన్న అక్షరాలను ముక్కగా కలిపి గీస్తుంది కాబట్టి హల్లులు రెండూ కలిసే వెళతాయి. ఒత్తులన్నీ పడ్డాయి. గ్నోమ్ డెస్క్‌టాప్ మీద దీన్ని వేస్తే కేడీఈ లైబ్రరీలు కూడా కొన్ని దిగుతాయి, ఆ చోటుకు సిద్ధపడాలి.

లెక్క: అక్షరం 12లో 12, వరుస 12లో 0.

ఐదో దశ: వరుస ఎత్తు

ఇది చిన్నదే. వర్ధన్నపేటలో ధ కాలు, న ఒత్తు అడుగు తెగిపోయాయి. వరుస ఎత్తు డేజావూను బట్టి వస్తుంది, తెలుగు ఒత్తులు అంతకన్నా కిందికి దిగుతాయి. కాన్సోల్ ప్రొఫైల్‌లో రూపం కింద వరుసల ఎడం 4 చేశాను. 2 పెడితే ఒత్తు కింది అంచు ఇంకా తెగుతోంది. తెర మీద పట్టే వరుసలు 36 నుంచి 30కి తగ్గాయి, ఈ లెక్క ఎస్‌టీటీవై సైజ్ చెబుతుంది. గ్నోమ్ టెర్మినల్‌లోనే ఉండేవాళ్లకు ప్రొఫైల్‌లో గడి ఎడం అని ఉంటుంది, ఎత్తును 1.2 దగ్గర మొదలుపెట్టి చూడండి.

ఆరో దశ: వంకర వరుసలు

స్క్రిప్టులో పేరుకు 20 వెడల్పు ఇచ్చి ప్రింట్‌ఎఫ్ (తెర మీద వరుస రాసే ఆదేశం) వాడారు. బ్యాష్ ప్రింట్‌ఎఫ్ ఆ 20ని బైట్లలో లెక్కిస్తుంది. పరకాల 15 బైట్లు, 5 ఖాళీలు పడ్డాయి. జమ్మికుంట 27 బైట్లు, ఒక్క ఖాళీ కూడా పడలేదు, అంకె వచ్చి టకు అతుక్కుంది.

వెడల్పు 30కి పెంచితే ఇంకా చెడింది. పరకాల తర్వాత 15 ఖాళీలు పడి అంకె 19 గడుల తర్వాత మొదలైంది. జమ్మికుంటకు 3 ఖాళీలే కాబట్టి 10 గడుల తర్వాతే మొదలైంది.

తర్వాత ఆక్‌కు (పట్టికల పని చేసే ఆదేశానికి) మార్చాను. ఇక్కడ ఒక హెచ్చరిక: ఆక్‌లో రకాలున్నాయి, డెబియన్‌లో మామూలుగా ఉండే మాక్ కూడా బైట్లే లెక్కిస్తుంది, గాక్ విడిగా వేసుకోవాలి. గాక్ కోడ్ పాయింట్లు లెక్కిస్తుంది. 14 వెడల్పు ఇస్తే పరకాల 13 దగ్గర, జమ్మికుంట 12 దగ్గర, ధర్మసాగర్, భూపాలపల్లి 11 దగ్గర ముగిశాయి. ఈ నాలుగింటి మధ్య తేడా రెండు గడులకు తగ్గింది, కానీ పోలేదు.

చివరికి డబ్ల్యూసీ పెద్ద ఎల్‌తో ప్రతి పేరు వెడల్పునూ కొలిచి, 14లోంచి తీసేసి, మిగిలినన్ని ఖాళీలు వేయించాను. లెక్క ప్రకారం అన్నీ 14 దగ్గరే ముగియాలి. గ్నోమ్ టెర్మినల్‌లో అలాగే ముగిశాయి. కాన్సోల్‌లో ఇంకా కొద్దిగా ఊగాయి, ఎందుకంటే ముక్కగా గీసినప్పుడు నోటో అక్షరాల అసలు వెడల్పు గడుల వెడల్పుతో సరిపోదు. అంకెల ముందు రంగు మార్చే సంకేతం పెడితే అక్కడితో ముక్క తెగి, అంకె తన గడిలోనే మొదలైంది. వరుస 12లో 12.

అలాగే వదిలేయొచ్చు. కానీ ఒక టెర్మినల్ గీసే పద్ధతి మీద దుకాణం లెక్క ఆధారపడటం నాకు నచ్చలేదు. అందుకే పట్టిక క్రమమే మార్చాను: బస్తాలు, క్వింటాళ్లు, మిర్చి రకం కోడ్ ముందు, ఊరి పేరు వరుస చివర. పేరు తర్వాత ఏమీ లేకపోతే దాని వెడల్పు ఎంతైనా ఏదీ జరగదు. ఏ టెర్మినల్‌లో చూసినా అంకెలు తిన్నగానే ఉంటాయి. తెలుగు పట్టిక ఎవరు చేసినా మొదట ఇదే చేయమంటాను. వెడల్పు కొలిచే ఆ ఫంక్షన్‌ను సాయంత్రం వచ్చే మొత్తాల పట్టికకే ఉంచాను, దాంట్లో మామ పేరు ముందే ఉండాలన్నాడు.

ఆ సాయంత్రం పట్టికను క్రాన్ (అనుకున్న వేళకు ఆదేశాలు తానే నడిపే ప్రోగ్రామ్) నడుపుతుంది. చేత్తో నడిపితే బాగున్నది, క్రాన్ నడిపినప్పుడు ప్రతి పేరు వెనకా 14 ఖాళీలు వేసింది. క్రాన్‌కు లొకేల్ అందలేదు. సీ లొకేల్‌లో తెలుగు బైట్లను అచ్చయ్యేవిగా లెక్కించదు కాబట్టి వెడల్పు 0 అని వస్తోంది. స్క్రిప్టు మొదటి వరుసల్లో లొకేల్‌ను నిర్ణయించే ఎల్‌సీ_ఆల్‌ను సీ.యూటీఎఫ్-8గా పెట్టాను, సర్దుకుంది.

ఏడో దశ: అక్షరం బాగుపడ్డాక బయటపడ్డ తప్పు

ఇది ఫాంట్ పని కాదు, కానీ అన్నిటికన్నా విలువైనది ఇదే. ఒత్తులు సరిగ్గా పడటం మొదలయ్యాక మొత్తాల పట్టికలో ఘన్‌పూర్ ఒక చోట, ఘన్పూర్ ఒక చోట కనిపించాయి. మొదటిదానికి 46 బస్తాలు, రెండోదానికి 31. ఊరొక్కటే, మొత్తం 77 బస్తాలు. పాత టెర్మినల్‌లో ఒత్తులే పడేవి కాదు కనుక ఈ రెండూ అచ్చు ఒకేలా కనిపించేవి. తేడా అప్పుడూ ఉంది, కనిపించలేదంతే.

మొదటిదాంట్లో న్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు ఉంది. అది 3 బైట్లు, 0 గడులు. ఒకటి 24 బైట్లు, ఇంకోటి 21, రెండూ 5 గడులే. పేర్లు ఫోన్ మెసేజ్‌ల నుంచి అతికించినప్పుడు ఒక్కో కీబోర్డు ఒక్కోలా పంపుతుంది.

ఆ గుర్తును అన్ని చోట్లా తీసేయడం సరైన పని కాదు, తీసేస్తే న కింద ప ఒత్తు పడి పేరే మారిపోతుంది. ఇలా చేశాను:

1. సరైన పేర్ల జాబితా ఒక ఫైల్లో పెట్టాను.
2. పోల్చేటప్పుడు మాత్రం రెండు వైపులా ఆ గుర్తు తీసేసి పోల్చుతుంది. కలిస్తే జాబితాలోని పేరే లెక్కలోకి రాస్తుంది.
3. హన్మకొండ, హనుమకొండ లాంటి వేరు రాతలకు రెండో నిలువు వరుసలో మారుపేర్లు ఇచ్చాను.
4. ఏదీ కలవకపోతే స్క్రిప్టు ఆగి గుమాస్తాను అడుగుతుంది. ఊహించి రాయదు.

పాత లెక్కల మీద నడిపితే ఇలా చీలిన ఊళ్లు ఇంకా దొరికాయి. మామ కూర్చుని ఒక్కోటీ పాత తక్‌పట్టీలతో సరిపోల్చి కలిపించాడు.

ఎనిమిదో దశ: ఎడిటర్లు, నల్ల తెర

జాబితా ఫైలును విమ్‌లో తెరిస్తే కర్సర్ ఒక చోట, అక్షరం ఒక చోట. విమ్ కొమ్మునూ సున్ననూ కూడా అంటుకునే గుర్తులుగానే లెక్కిస్తుంది. జమ్మికుంట దానికి 5 గడులు, టెర్మినల్‌కు 7. ఇద్దరి లెక్కా కుదరనంత వరకు ఫాంట్ మార్చి లాభం లేదు. నానో డబ్ల్యూసీవిడ్త్ లెక్కే వాడుతుంది, అందుకని గుమాస్తాకు నానో పెట్టాను.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే వచ్చే నల్ల తెరలో తెలుగు తెప్పించే ప్రయత్నం చేయలేదు. ఆ నల్ల తెర ఫాంట్‌లో 512 బొమ్మలకు మించి పట్టవు, కూర్పు అసలే లేదు. డెస్క్‌టాప్ ఎక్కని రోజు గుమాస్తా అక్కడి నుంచే పని నడపాలి కాబట్టి, స్క్రిప్టు టర్మ్ విలువ (ఏ రకం టెర్మినల్‌లో ఉన్నామో చెప్పేది) చూసుకుంటుంది. అది "లైనక్స్" అయితే ఊరి పేరు బదులు జాబితాలోని మూడో నిలువు వరుసలో ఉన్న ఇంగ్లిష్ రాత చూపిస్తుంది. 12 పేర్లకూ ఆ రాత నింపాను, మిగతా ఊళ్లకు గుమాస్తా నింపుతున్నాడు.